పెట్టుడు పన్నుకు పుప్పి లేదు - చిగురుకు ముప్పు ఉంది!

"పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం?" అని మన పెద్దల సామెత. ఊడగొట్టుకోవడానికి ఏ రాయైనా సరిపోతుంది, నిజమే. కాని ఊడిన పన్ను స్థానంలో మరో పన్ను పెట్టించుకోవాలంటే మాత్రం ఏదో ఒకటిలే అనుకోవడానికి వీల్లేదు. పెట్టించుకున్న తర్వాత దానిని చూసుకునే విషయంలో అయితే అసలే వీల్లేదు.

ఒక పెద్దమనిషి సంగతి వినండి. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. వయస్సు 62. కింది వరుసలో ఎడమవైపు దవడ పన్ను ఒకటి పుచ్చి తీసివేయవలసి వచ్చింది. కొడుకు పట్టుబట్టి ఇంప్లాంటు వేయించి, దాని మీద తెల్లటి క్రౌను బిగింపించాడు. నాలుగేళ్ళపాటు మేష్టారికి ఏ లోటూ లేదు. సంక్రాంతికి జంతికలూ, చేగోడీలూ కూడా హాయిగా నమిలారు. తోముకునేటప్పుడు ఆ పన్ను దగ్గర అప్పుడప్పుడు కాస్త నెత్తురు కనిపించేది. "నొప్పి లేదుగా! అయినా అది లోహపు పన్నాయె, దానికి జబ్బేమిటి?" అని ఊరుకున్నారు. అయిదో ఏట చిగురు మీద వేలు పెట్టి నొక్కితే చీము వచ్చింది. ఎక్స్‌రే తీస్తే, లోపలి స్క్రూ చుట్టూ ఉండవలసిన ఎముక సగానికి పైగా కరిగిపోయి ఉంది.

"ఒక్కనాడైనా నొప్పి పుట్టలేదండీ డాక్టరుగారూ!" అన్నారాయన బాధగా.

ఈ జబ్బుతో వచ్చిన చిక్కే అది. నొప్పి పుట్టి ఉంటే మేష్టారు మొదటి ఏడాదే వచ్చేవారు.

ఈ రోజుల్లో పట్టణాల్లోనే కాదు, చిన్న చిన్న ఊళ్ళలో కూడా ఇంప్లాంట్లు వేయించుకునేవారు ఎక్కువయ్యారు. మంచిదే. కాని క్రౌను బిగించిన రోజుతో పని పూర్తయిపోయిందనుకుంటే మాత్రం మేష్టారి కథే మన కథ అవుతుంది. అందుకే ఈ వారం ఆ సంగతులు వివరంగా చెప్పుకుందాం.

ఇంప్లాంటు అంటే ఏమిటి?

చాలామంది "ఇంప్లాంటు పన్ను" అంటే ఒకే ముక్క అనుకుంటారు. అందులో సాధారణంగా మూడు భాగాలుంటాయి. మొదటిది, దవడ ఎముకలోకి దిగగొట్టే చిన్న స్క్రూ. ఇది టైటానియం అనే లోహంతో చేసినది. ఊడిన పంటి వేరుకు బదులు ఇది పని చేస్తుంది. రెండవది, ఆ స్క్రూ తలకు బిగించే మెడ లాంటి ముక్క. మూడవది, మనకు పైకి కనిపించే తొడుగు. దీనినే క్రౌను అంటారు. పింగాణీతో గాని, లోపల లోహం పైన పింగాణీ పెట్టి గాని, జిర్కోనియా అనే గట్టి పదార్థంతో గాని దీనిని తయారు చేస్తారు.

కట్టుడు పళ్ళ సెట్టు చిగుళ్ళ మీద కూర్చుంటుంది. బ్రిడ్జి పక్క పళ్ళ భుజాల మీద కూర్చుంటుంది. ఇంప్లాంటు మాత్రం ఎముకలోనే నిలబడుతుంది. తేడా అంతా అక్కడే ఉంది.

కుందేలు కాలిలో దొరికిన రహస్యం

లోహాన్ని ఎముక ఎందుకు బయటకు తోసివేయదు? ఈ సంగతి బయటపడిన తీరు తమాషా అయినది. స్వీడన్ దేశంలో లుండ్ విశ్వవిద్యాలయంలో పేర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ అనే ఆయన 1952 ప్రాంతంలో ఎముకలో నెత్తురు ఎలా ప్రవహిస్తుందో చూడడానికి, కుందేలు కాలి ఎముకలో చిన్న టైటానియం పరికరం ఒకటి అమర్చారు. పరిశోధన అయిపోయాక దానిని తీసి మళ్ళీ వాడుకుందామని చూస్తే అది ఊడి రాలేదు. ఎముక దానిని తనలో ఒక భాగంలా పట్టుకుని కూర్చుంది!

ఇంకొకరైతే పరికరం పాడయిందని విసుక్కునేవారు. ఆయన మాత్రం దాని గురించి ఏళ్ళ తరబడి ఆలోచించారు. 1965లో గోటెన్‌బర్గ్‌లో గోస్టా లార్సన్ అనే ఆయన కింది దవడలో మొదటిసారిగా టైటానియం స్క్రూలు అమర్చి పళ్ళు బిగించారు. లార్సన్‌కు పుట్టుకతోనే దవడ లోపం ఉండేది. ఆ ఇంప్లాంట్లు ఆయన 2006లో కన్నుమూసేదాకా, అంటే 40 ఏళ్ళకు పైగా పని చేశాయి. మొదట్లో తోటి వైద్యులు బ్రోనెమార్క్‌ను నమ్మలేదు. 1982లో కెనడాలోని టొరంటోలో జరిగిన సమావేశం తర్వాతనే ఈ పద్ధతి ప్రపంచమంతటా వ్యాపించింది.

కాబట్టి చక్కగా చూసుకుంటే ఇంప్లాంటు దశాబ్దాల తరబడి నిలుస్తుందన్నది రుజువైన సంగతే. పదేళ్ళ తర్వాత లెక్క చూసినా నూటికి 90కి పైగా ఇంప్లాంట్లు నోట్లో నిలిచే ఉంటున్నాయి. అయితే నిలిచి ఉండడం వేరు, ఆరోగ్యంగా ఉండడం వేరు.

నోటికి కలిగే మేలు

ముందు మంచి సంగతులు చెప్పుకుందాం. పన్ను పోయిన చోట దవడ ఎముకకు పని లేకుండా పోతుంది. పని లేని ఎముక అరిగిపోతుంది. పన్ను తీసిన మొదటి ఏడాదిలోనే ఆ చోట ఎముక వెడల్పు సుమారు సగం తగ్గిపోతుంది. అందులోనూ ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే. ఇంప్లాంటు బిగిసి నమలడం మొదలుపెడితే, దాని చుట్టూ ఉన్న ఎముకకు మళ్ళీ పని దొరుకుతుంది.

రెండవ మేలు, పక్క పళ్ళ జోలికి పోనవసరం లేదు. బ్రిడ్జి కట్టాలంటే అటూ ఇటూ ఉన్న మంచి పళ్ళను అరగదీయాలి. ఇంప్లాంటుకు ఆ బాధ లేదు. మూడవది, ఖాళీని అలాగే వదిలేస్తే పక్క పళ్ళు దానిలోకి ఒరుగుతాయి. ఎదుటి వరుసలోని పన్ను కిందికో పైకో సాగుతుంది. ఆ సందుల్లో పాచి చేరి చిగుళ్ళు చెడతాయి. ఖాళీ నింపితే ఈ గొడవ తప్పుతుంది. ఇక రెండు వైపులా నమలగలిగితే తిండి తృప్తిగా తినవచ్చు. ఆకుకూరలు, పచ్చి కూరలు, పళ్ళు మానేసి మెత్తటి అన్నం, పెరుగుతో సరిపెట్టుకోవలసిన అవసరం ఉండదు.

అసలు పంటికీ దీనికీ తేడా

దేవుడిచ్చిన పన్ను ఎముకలో నేరుగా దిగగొట్టిన మేకు కాదు. పంటి వేరుకూ ఎముకకూ మధ్య సన్నటి నారపొర ఉంటుంది. బండికి స్ప్రింగులు ఎలాగో పంటికి అది అలాగ. అన్నంలో రాయి తగలగానే చటుక్కున నోరు తెరుస్తాం చూడండి, ఆ కబురు అందించేది ఈ పొరలోని నరాలే. పైగా చిగురులోని దారాల వంటి పోగులు పంటి వేరులోకి నాటుకుని, సూక్ష్మజీవులు లోపలికి దిగకుండా గట్టి కట్ట వేస్తాయి.

ఇంప్లాంటుకు ఈ నారపొర లేదు. ఎముకకే అతుక్కుని ఉంటుంది. అందువల్ల ఒత్తిడి ఎక్కువైనా మనకు సరిగా తెలియదు. దాని చుట్టూ ఉన్న చిగురు కూడా చొక్కా కాలరులా చుట్టుకుని ఉంటుందే గాని, పోగులు లోహంలోకి నాటుకోవు. అక్కడికి నెత్తురు సరఫరా కూడా తక్కువే. అంటే కోట గోడ ఉన్నా తలుపు గడియ వదులన్నమాట!

లోహానికి, పింగాణీకి పుప్పి పట్టదు. పెట్టుడు పన్ను పుచ్చదు. ఇది నిజం. కాని పాచి మాత్రం మామూలు పళ్ళకు పట్టినట్లే దీనికీ పడుతుంది. పాచిని తీయకపోతే గార అవుతుంది. అసలు కథ అక్కడ మొదలవుతుంది.

మొదట వాపు, ఆ తర్వాత కోత

ఇంప్లాంటు చుట్టూ వచ్చే జబ్బుకు రెండు దశలున్నాయి.

మొదటి దశలో చిగురు మాత్రమే వాస్తుంది. ఎర్రబడుతుంది. తోముకుంటే నెత్తురు వస్తుంది. ఎముకకు ఇంకా ఏమీ కాదు. ఈ దశలో డాక్టరు శుభ్రం చేసి, ఇంట్లో రోగి కూడా జాగ్రత్తగా తోముకుంటే కొద్ది వారాల్లో తగ్గిపోతుంది.

రెండవ దశలో జబ్బు ఎముకలోకి దిగుతుంది. స్క్రూ చుట్టూ ఎముక గిన్నెలాగా గుంట పడి కరుగుతుంది. చిగురు నొక్కితే చీము రావచ్చు, నోరు వాసన కొట్టవచ్చు. చిగురు కిందికి జారి స్క్రూ మరలు పైకి కనబడవచ్చు. చాలామందికి నొప్పి ఉండదు. ఎముక చాలా వరకు పోయేదాకా పన్ను కదలదు కూడా. కదిలిన నాటికి చేయగలిగింది తక్కువ. పరిశోధకులు లెక్కలు కట్టి చూస్తే, ఇంప్లాంట్లు వేయించుకున్న వారిలో సుమారు అయిదుగురిలో ఒకరికి ఈ రెండవ దశ కనిపిస్తున్నది. మొదటి దశ ఉన్నవారు అంతకు రెట్టింపు. ఇది చిన్న సంఖ్య కాదు సుమా!

రెండవ దశకు వైద్యం లేకపోలేదు. చిగురు తెరిచి స్క్రూను శుభ్రం చేస్తారు. కొన్ని సందర్భాల్లో ఎముక పొడి నింపుతారు. కాని పోయిన ఎముక పూర్తిగా తిరిగి వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఒక్కొక్కసారి ఇంప్లాంటునే తీసివేయవలసి వస్తుంది.

క్రౌను వల్ల వచ్చే చిక్కులు

తప్పంతా రోగిదే అనడం న్యాయం కాదు. క్రౌను ఎలా ఉన్నదన్న దాని మీద కూడా చాలా ఆధారపడి ఉంటుంది.

కొన్ని క్రౌనులను సిమెంటుతో అతికిస్తారు. కొన్నింటిని స్క్రూతో బిగిస్తారు. సిమెంటుతో అతికించినప్పుడు అంచుల దగ్గర పొంగిన సిమెంటు చిగురు కింద మిగిలిపోతే, అది ముల్లులాగా అక్కడే ఉండి వాపు తెస్తుంది. నెలల తర్వాతో, ఏళ్ళ తర్వాతో బయటపడుతుంది. స్క్రూతో బిగించిన దానికి ఈ బెడద లేదు. అవసరమైతే విప్పి చూడవచ్చు. అయితే ఆ స్క్రూ ఒక్కొక్కసారి వదులవుతుంది. ఏది మీకు తగినదో డాక్టరు నోరు చూసి చెప్పాలి.

క్రౌను మరీ ఉబ్బెత్తుగా ఉంటే దాని కింది మెడ దగ్గరకు బ్రష్షు చేరదు. పన్ను అందంగా కనిపిస్తేనే చాలదు, కింద శుభ్రం చేసుకోవడానికి దారి ఉండాలి. క్రౌను ఎత్తు ఎక్కువై కొరుకుడు భారమంతా దాని మీదే పడితే స్క్రూ వదులు కావచ్చు, పింగాణీ పెచ్చులూడవచ్చు. నిద్రలో పళ్ళు పటపట కొరికేవారికి ఈ ప్రమాదం మరీ ఎక్కువ. వారు రాత్రిపూట పెట్టుకునే రక్షణ పలక చేయించుకోవడం మంచిది.

ఇంకొక విచిత్రం ఉంది. మన అసలు పళ్ళు జీవితాంతం కొద్దికొద్దిగా ముందుకు జరుగుతూనే ఉంటాయి. ఇంప్లాంటు మాత్రం వేసిన చోటనే ఉంటుంది. అందువల్ల కొన్నేళ్ళకు క్రౌనుకూ దాని ముందు పంటికీ మధ్య సందు ఏర్పడవచ్చు. అందులో తోటకూర పోగులు, మామిడిపండు పీచు, మాంసం ముక్కలు ఇరుక్కుంటాయి. "కొత్తగా ఇరుక్కుంటున్నది" అనిపిస్తే పిన్నీసుతో పొడుచుకోకండి. డాక్టరుకు చూపించండి. క్రౌనును సరిచేసి ఆ సందు మూయవచ్చు. లేకపోతే పక్కనున్న అసలు పన్ను కూడా పుచ్చిపోతుంది.

ఎవరు మరింత జాగ్రత్త పడాలి?

షుగరు వ్యాధి అదుపులో లేనివారికి గాయం త్వరగా మానదు, చిగురు త్వరగా చెడుతుంది. షుగరు ఉన్నంత మాత్రాన ఇంప్లాంటు కూడదని కాదు. ముందు అదుపులోకి తెచ్చుకుని, మూడు నెలల సగటు చెప్పే రక్తపరీక్ష చేయించుకుని, ఆ తర్వాతనే పళ్ళ డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. వేయించుకున్నాక కూడా అదుపు తప్పనివ్వకూడదు.

సిగరెట్టు, బీడీ, చుట్ట తాగేవారికి ఎముక పట్టు సరిగా కుదరదు. కుదిరినా తర్వాత జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ. గుట్కా, ఖైనీ నోటిని పుండు చేస్తాయి. వేలకు వేలు పోసి పన్ను పెట్టించుకుని, దాని పక్కనే పొగ పెట్టడం ఇల్లు కట్టి నిప్పంటించుకోవడమే!

చిగుళ్ళ జబ్బుతోనే పళ్ళు పోగొట్టుకున్నవారు ముందు మిగిలిన చిగుళ్ళు బాగుచేయించుకోవాలి. పాత జబ్బు తాలూకు సూక్ష్మజీవులు కొత్త పన్ను దగ్గర కూడా కాపురం పెడతాయి. ఎముకలు గుల్లబారినందుకు మందులు వాడేవారు, క్యాన్సరుకు దవడ భాగంలో రేడియేషన్ చికిత్స పొందినవారు, నెత్తురు పలచబడే మందులు వాడేవారు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. మందులు మీ అంతట మీరు ఆపకండి.

పెట్టించుకునే ముందు అడగవలసినవి

డాక్టరుగారిని అడగడానికి మొహమాటపడకండి. నా ఎముక సరిపోతుందా? క్రౌను సిమెంటుతో అతికిస్తారా, స్క్రూతో బిగిస్తారా? మొత్తం ఎన్ని నెలలు పడుతుంది? నా విషయంలో బ్రిడ్జితోనో, తీసి పెట్టుకునే పన్నుతోనో సరిపోతుందా? ఏడాదికి ఎన్నిసార్లు రావాలి, దానికి ఖర్చెంత? ఈ చివరి ప్రశ్న చాలామంది అడగరు. పన్ను ఖర్చుతో పాటు దాని పోషణ ఖర్చు కూడా లెక్క వేసుకోవాలి.

స్క్రూ వేసిన తర్వాత ఎముక పట్టడానికి సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. "మూడు రోజుల్లో పళ్ళు" అన్న ప్రకటనలు చూసి తొందరపడకండి. అది కొందరికి సాధ్యమే, అందరికీ కాదు.

క్రౌను బిగించిన రోజున ఒక ఎక్స్‌రే తీయించుకుని దాచుకోండి. తర్వాత ఎప్పుడు అనుమానం వచ్చినా దానితో పోల్చి చూస్తేనే ఎముక తగ్గిందీ లేనిదీ తెలుస్తుంది. ఇంప్లాంటు తయారుచేసిన కంపెనీ, దాని కొలతలు రాసి ఉన్న కార్డు కూడా అడిగి తీసుకోండి. ఊరు మారినా, డాక్టరు మారినా అది అక్కరకు వస్తుంది.

రోజూ చేయవలసిన పని

ఉదయం, రాత్రి పడుకోబోయే ముందు, రెండుసార్లు మెత్తటి బ్రష్షుతో తోముకోవాలి. బ్రష్షు కుచ్చు సగం క్రౌను మీద, సగం చిగురు అంచు మీద ఉండేట్లు పెట్టి మెల్లగా కదపాలి. బయటివైపు ఎంతసేపు తోముతారో నాలుక వైపు కూడా అంతసేపు తోమాలి. మన వాళ్ళు ఎక్కువగా మరచిపోయేది ఆ నాలుక వైపే.

సందుల కోసం సీసాలు కడిగే బ్రష్షులాంటి బుల్లి బ్రష్షులు మందుల షాపుల్లో దొరుకుతాయి. లోపలి తీగకు ప్లాస్టిక్ పూత ఉన్నది అడగండి. మీ సందుకు తగిన సైజు డాక్టరు చూపిస్తారు. రోజుకొకసారి, ముఖ్యంగా రాత్రి, క్రౌనుకు రెండు పక్కలా పోనిచ్చి తీయాలి. దారం వాడేవారు పోగులు తెగి లోపల మిగలకుండా చూసుకోవాలి.

ఇటుక పొడి, బొగ్గు పొడి, గరుకు పండ్లపొడి వద్దు. పందుంపుల్లతో గట్టిగా రుద్దితే చిగురు గీరుకుపోతుంది. పుక్కిలించే మందు నీళ్ళు డాక్టరు చెప్పినన్ని రోజులే వాడాలి. పుక్కిలింత తోముకోవడానికి బదులు కానే కాదు.

మూడు నెలలకో, ఆరు నెలలకో డాక్టరుకు చూపించుకోండి. గార తీయించుకునేటప్పుడు "ఇక్కడ ఇంప్లాంటు ఉందండీ" అని ముందే చెప్పండి. మామూలు పనిముట్లతో గీకితే లోహం మీద గీతలు పడి పాచి మరింత పడుతుంది. దానికి వేరే పనిముట్లున్నాయి.

ఈ గుర్తులు కనిపిస్తే ఆలస్యం వద్దు: తోముకుంటే నెత్తురు, చిగురు ఎరుపు, వాపు, చీము, చెడ్డ రుచి, నోటి వాసన, చిగురు జారడం, క్రౌను కదలడం, కొత్తగా తిండి ఇరుక్కోవడం.

మీ సందేహాలకు జవాబులు

ప్రశ్న: క్రౌను కాస్త కదులుతున్నట్లుంది. ఇంప్లాంటు పోయినట్లేనా?

జవాబు: కంగారు పడకండి. చాలాసార్లు లోపలి చిన్న స్క్రూ వదులై ఉంటుంది. బిగిస్తే సరిపోతుంది. కాని రేపూ మాపూ అని వాయిదా వేస్తే ఆ స్క్రూ విరగవచ్చు. అంతవరకు ఆ వైపు నమలకండి. ఎముకలోని ఇంప్లాంటే కదులుతుంటే మాత్రం దానిని తీయక తప్పదు.

ప్రశ్న: మా అమ్మాయికి 15 ఏళ్ళు. ఆటల్లో పడి ముందు పన్ను పోయింది. ఇంప్లాంటు వేయించవచ్చా?

జవాబు: ఇప్పుడు వద్దు. ఆ వయస్సులో దవడ ఇంకా పెరుగుతూ ఉంటుంది. చుట్టుపక్కల పళ్ళు దవడతో పాటు సాగుతాయి, ఇంప్లాంటు మాత్రం ఉన్నచోటే ఉండి పొట్టిగా మిగిలిపోతుంది. పెరుగుదల పూర్తయ్యేదాకా తీసి పెట్టుకునే పన్నో, పక్క పంటికి అతికించే పన్నో అమర్చుకోవచ్చు.

ప్రశ్న: మా అత్తగారికి 72 ఏళ్ళు. ఈ వయస్సులో ఇంప్లాంటు పనికివస్తుందా?

జవాబు: వయస్సు అడ్డు కాదు. ఆరోగ్యం, ఎముక, వాడుతున్న మందులు చూడాలి. ఆమె చేతులతో ఆమె శుభ్రంగా తోముకోగలరా అన్నది కూడా చూడాలి. చేతులు వణుకుతుంటే ఇంట్లో ఎవరైనా సాయపడాలి.

ప్రశ్న: ఇంప్లాంటు ఉంటే ఎం.ఆర్.ఐ. స్కానింగు తీయించుకోకూడదంటారు, నిజమేనా?

జవాబు: టైటానియంను అయస్కాంతం లాగదు. సాధారణంగా భయం లేదు. దవడ దగ్గర బొమ్మ కాస్త మసకగా రావచ్చు. స్కానింగు చేసేవారికి ముందే చెప్పండి, చాలు.

చివరగా ఒక్క మాట. హెడ్మాస్టరు గారి ఇంప్లాంటు మాటేమైందని మీరు అడగవచ్చు. చిగురు తెరిచి శుభ్రం చేశారు. ఇప్పటికి నిలబడింది. పోయిన ఎముక మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. ఆయన ఇప్పుడు రాత్రి భోజనం అయ్యాక అద్దం ముందు నిలబడి, పిల్లల కాపీ పుస్తకాలు దిద్దినంత శ్రద్ధగా ఆ బుల్లి బ్రష్షు తిప్పుతున్నారు. "ఈ పని నాలుగేళ్ళ క్రితమే మొదలుపెట్టి ఉంటే మార్కులు పోయేవి కావు" అని నవ్వుతారు. మీ ఇంట్లో ఎవరికైనా ఇంప్లాంటు క్రౌను ఉంటే, ఈ రాత్రి తోముకునేటప్పుడు నెత్తురు వస్తున్నదేమో చూసుకోమనండి. వస్తుంటే, నొప్పి కోసం ఎదురు చూడవద్దని చెప్పండి.